కొప్పు మీద కొక్కెం

ఆగస్టు 4

మావయ్యా,

నీ చెవి యంత్రం ఇంకా కూత పెడుతూనే ఉందా? మొన్న ఫోన్‌లో గొంతు చించుకున్నా సగం మాటలు వినకుండానే "ఉత్తరం రాయవే, అక్షరం ముక్క అయితే నా కళ్లకి అందుతుంది" అని పెట్టేశావు. సరే, రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

మేడ మీది గది కురుస్తోంది. కురిస్తే కురిసింది, సరిగ్గా కళ్లద్దాలు సానపట్టే నా యంత్రం మీదే కురవాలా? దాని మీద గొడుగు కట్టి పని చేస్తున్నాను. అద్దాలకి కొలతలివ్వడానికి వచ్చిన ఒక పెద్దావిడ గొడుగు చూసి, నన్ను చూసి, మారుమాట్లాడకుండా కిందికి దిగిపోయింది.

నీ మేనకోడల్ని కదా, ఊరుకుంటానా? అటక ఎక్కి వాసాల పొడుగునా సుద్దముక్కతో గీతలు పెట్టాను. ఎక్కడ తడిస్తే అక్కడ గీత చెరుగుతుంది కదా. మర్నాడు వాన వెలిశాక చూస్తే ఏముంది, చుక్క పడేది కిటికీ దగ్గర, గీత చెరిగింది పొగగొట్టం పక్కన! ఆ నీళ్లు పైన దూరి, వాసం పట్టుకుని మెల్లిగా అంత దూరం నడిచొచ్చి, నా నెత్తిన దిగుతున్నాయి. కోపం పోయి ముచ్చటేసింది.

వీధి చివర సున్నం కొట్టువాళ్లు ఒక పెంకుల మేస్త్రిని పంపారు. అందరూ పిట్ట మేస్త్రి అంటారు. సన్నగా, తేలిగ్గా ఉంటాడు, యాభై దాటి ఉంటాయి. అటకలోకి వచ్చి, కళ్లు మూసుకుని, వాసాన్ని వేలితో తడిమి వాసన చూశాడు.

"ఇది ఈ ఏటి తడి కాదమ్మా. నిరుడే దిగింది. మీకు ఇప్పుడు తెలిసింది."

"ఎలా చెప్పగలరు?"

"కొత్త తడి పచ్చి చెక్క వాసన. పాతది పుట్టగొడుగు వాసన. మీరూ చూడండి."

చూశాను. నిజమే మావయ్యా! నీ సర్వీసంతా బీమా కంపెనీకి కూలిన గోడలు, విరిగిన కప్పులు కొలిచావు కదా, ఈ సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదేం?

ఆయన పని చేసే తీరు ఇదట: పొగగొట్టానికి మోకు చుట్టి రెండో కొస నడుముకి కట్టుకుంటాడు, మోకాళ్ల కింద గోనెసంచి వేసుకుంటాడు, పై నుంచి కిందికి పెంకులు తీసుకుంటూ వస్తాడు. ఒంటరిగానే చేస్తాడు. ఇది సరైన పద్ధతేనా? నువ్వు ఊ అంటే మొదలుపెట్టిస్తాను.

నీ
గొడుగు కింద మేనకోడలు


ఆగస్టు 9

ఓసి నా సుద్దముక్క పిల్లా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చెరిగిన గీతల సంగతి చదివినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లలో ఒక్కడికీ ఇంత బుర్ర లేదు. వాసన సంగతి నాకూ తెలియదు. ఈ వయసులో ఒక కొత్త విద్య దొరికింది, ఇంట్లో ఉన్న చెక్కలన్నీ వాసన చూస్తూ తిరుగుతున్నాను. మీ అత్త ఉంటే నవ్వి నవ్వి చచ్చేది.

ఇక అసలు సంగతి. పొగగొట్టానికి మోకు కట్టనివ్వొద్దు. వద్దంటే వద్దు. నేను ఉద్యోగంలో ఉండగా పొగగొట్టం విరిగి దాంతోపాటు మనిషి కిందికొచ్చిన ఇళ్లు ఏడు చూశాను. పైకి గట్టిగా కనబడుతుంది, లోపల సున్నం పిండైపోయి ఉంటుంది. మేస్త్రికి చెప్పు. వినకపోతే నా పేరు చెప్పు.

అందుకు బదులు నా నిచ్చెన పంపుతున్నాను. ఇనప నిచ్చెన, పై కొసన రెండు కొక్కేలుంటాయి. కప్పు మీద పడుకోబెట్టి, కొక్కేలు రెండు వాలులూ కలిసే ఇంటి కొప్పు మీదుగా అవతలి వాలుకి తగిలిస్తే అంగుళం కదలదు. ఎన్ని కప్పులు ఎక్కానో దాని మీద. పార్సిలు లారీలో వేశాను, వారంలో వస్తుంది.

నువ్వు ఇల్లు కొన్నప్పుడు వచ్చి కొలిచాను కదా, ఆ లెక్క నోటుపుస్తకంలో ఉంది. కొప్పు వెడల్పు, కప్పు వాలు అన్నీ చూసి ఒక బొమ్మ గీసి దీంతో పెడుతున్నాను. నిచ్చెన ఎక్కడ వేయాలో, ఏ పెంకు ముందు తీయాలో, ఎటు కాలు పెట్టాలో అంకెలు వేశాను. కింది నుంచి పైకి రావాలి, ఆయన చెప్పినట్టు పై నుంచి కిందికి కాదు. నువ్వు దగ్గరుండి ఆ బొమ్మ ప్రకారం చేయించు. మేస్త్రీలు తలూపుతారు గానీ వెనక్కి తిరిగితే తమ పద్ధతే.

అన్నట్టు, ఆయనకి బీమా ఉందా? కాగితం చూపించమను. చూడకుండా ఎక్కనివ్వకు.

ఇట్లు
చెక్కల వాసన పీలుస్తున్న మావయ్య


ఆగస్టు 16

మావయ్యా,

నిచ్చెన దిగింది. లారీవాళ్లు ఇద్దరు మోసుకొచ్చి "ఇందులో ఏముందమ్మా, రైలు పట్టాలా?" అన్నారు. వీధి వీధంతా వచ్చి చూసి పోయింది.

బొమ్మ మేస్త్రికి ఇచ్చాను. అబ్బో, ఎంతసేపు చూశాడో! గడప మీద కూర్చుని, అటు తిప్పి ఇటు తిప్పి, అంకెల మీద వేలు పెట్టి చూశాడు. నాకైతే తిడతాడేమోనని భయమేసింది. తన పనిలో వేలు పెడితే ఎవరికి నచ్చుతుంది?

"ఎవరమ్మా గీసింది?"

"మా మావయ్య. బీమా కంపెనీలో సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు."

"నన్నెరుగుదురా ఆయన?"

"ఎరగడు."

కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. "మోకు వద్దన్నారు" అని గట్టిగానే చెప్పాను. "సరేనమ్మా, ఆయన చెప్పినట్టే" అన్నాడు. చూశావా, నువ్వు అనవసరంగా మేస్త్రీలందర్నీ ఒక గాటన కట్టావు.

బీమా కాగితం కూడా అడిగాను. ఆయన పాపం ఇంటికి వెళ్లి మరీ తెచ్చాడు. నీలం రంగు కాగితం, గుండ్రటి ముద్ర, సంతకం, ఈ సంవత్సరం చివరిదాకా గడువు. నువ్వు అడుగుతావని అంతా చదివాను. అంకెలు ఆరు, తర్వాత గీత, తర్వాత రెండు అక్షరాలు. ఒకచోట "సీట్లు: రెండు" అని ఉంది, అది మటుకు అర్థం కాలేదు. ఇద్దరు పనివాళ్ల వరకూ వర్తిస్తుందని కాబోలు. అంతా సవ్యంగానే ఉంది.

గురువారం నాడు మొదలుపెడుతున్నాడు. బొమ్మ చూసి ఒక్కొక్క అంకె నేను చదువుతాను, ఆయన ఎక్కుతాడు. నాకు భలే సరదాగా ఉంది, నిజం చెప్తున్నాను.

నీ
ఒకటో అంకె చదవబోతున్న మేనకోడలు


ఆగస్టు 20

పిల్లా,

సీట్లేమిటే! పెంకుల మేస్త్రికి సీట్లెందుకే! అది ఆయన మోపెడ్ బీమా! చదవగానే నెత్తి కొట్టుకున్నాను. బండి గుద్దుకుంటే వర్తిస్తుంది, కప్పు మీంచి పడితే కాదు. ఆయన మోసం చేశాడని అనను. బండి అమ్మిన కొట్టువాడు "ఇదొక్కటుంటే చాలు" అని ఉంటాడు, ఈయన నమ్మి ఉంటాడు. ఇలాంటివి చాలా చూశాను.

గురువారం పని ఆపు. వెంటనే ఆపు. పని బీమా ఒక్క నెలకైనా తీసుకోవచ్చు, సంతకం పెట్టడమే. అది లేని మనిషి నీ కప్పు మీంచి పడితే ఆ బరువంతా ఇంటి యజమాని మీదికి రావచ్చు. పదిహేనేళ్లు అద్దాలు సానపట్టి కొనుక్కున్న ఇల్లే అది. మరొకటి లేదు నీకు.

ఈ ఉత్తరం పోస్టులో వేసొచ్చి ఫోన్ కూడా చేస్తాను. నువ్వేమంటావో వినబడదు గానీ, నేను చెప్పేది నీకు వినబడుతుంది కదా.

మావయ్య


ఆగస్టు 20

మావయ్యా,

మేస్త్రి పడిపోయాడు.

పొద్దున పదిన్నరకి. ఆరో అంకె చదివాను. "ఎడమ కాలు పై నుంచి మూడో మెట్టు మీద" అని. పెట్టాడు. టప్‌మని శబ్దం వచ్చింది, నిచ్చెన కిందికి జారింది, దాని మీద ఆయన కూడా. ఒక్క కేక కూడా వెయ్యలేదు. నా ముందే నేల మీద పడ్డాడు. నా చేతిలో బొమ్మ లేదు, ఆయన జేబులోనే ఉంది, అంకెలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి కదా.

తుంటి ఎముక విరిగిందట. ఆసుపత్రిలో ఉన్నాడు. నేనే ఆటోలో తీసుకెళ్లాను. దారిలో ఆయన నా చెయ్యి పట్టుకుని "పెంకులు పగిలాయామ్మా?" అని అడిగాడు.

ఆసుపత్రిలో ఉండగా నువ్వు ఫోన్ చేశావు. "పని ఆపు, పని ఆపు" అని అరుస్తున్నావు. ఏడుస్తూ ఎంత చెప్పినా నీకు వినబడలేదు. "సరే, ఆపేశావు కదా, మంచిపని చేశావు" అని పెట్టేశావు.

ఎందుకు జారింది మావయ్యా? అంగుళం కదలదన్నావు కదా?


ఆగస్టు 25

అమ్మాయ్,

కంగారుపడకు. ఏడవకు. నేను ఇలాంటివి వందల్లో చూశాను, నేను చెప్పినట్టు చెయ్యి.

ముందుగా, ఎవరి దగ్గరా "నా తప్పే" అనకు. నిన్ను నేనెరుగుదును, గిన్నె పగిలినా ముందు నువ్వే క్షమించమంటావు. ఆసుపత్రికి వెళ్లొద్దు. వెళితే అది ఒప్పుకోవడమే అంటారు.

ఇక ఇల్లు పోతుందేమోనని భయం కదా నీకు. పోదు. ఇలాంటి చోట నేను అడిగే ప్రశ్నలు మూడే. పనిముట్లు ఎవరివి? పని ఎలా చెయ్యాలో చెప్పింది ఎవరు? పని వేళలు ఎవరి ఇష్టం? ఈ మూడూ మేస్త్రివే అయితే ఆయన స్వతంత్రుడు, తన పని తను చేసుకునే మనిషి. పడితే ఆయన నష్టం ఆయనదే, నీకు సంబంధం లేదు. ఈ మూడు ప్రశ్నలతో ఎన్ని కేసులు తేల్చానో.

పోతే, ఆ నిచ్చెన జారడం నాకు మింగుడుపడటం లేదు. నువ్వు అటకలోకి వెళ్లి చూసి రాయి. కొప్పు పెంకు ఎటువైపు విరిగింది? కొక్కెం కొస మీద సున్నం అంటిందా? అంటితే లోపలి వైపా, కొస మీదేనా? కొప్పు పెంకు అడ్డంగా ఎన్ని అంగుళాలు? టేపు పెట్టి కొలువు, కళ్లతో కాదు. కారణం తేలితే గానీ నిద్రపట్టదు నాకు.

మావయ్య


ఆగస్టు 31

మావయ్యా,

ఆసుపత్రికి వెళ్లాను. తిట్టుకో. రోజూ వెళ్తున్నాను.

నువ్వు అడిగినవి చూశాను. కొక్కెం కొస మీద మాత్రమే సున్నం ఉంది, లోపలి వంపు శుభ్రంగా మెరుస్తోంది. అంటే కొక్కెం అవతలి వాలుకి దిగనే లేదు. కొప్పు పెంకు నెత్తిన ముక్కుతో ఆనుకుని నిలబడింది అంతే. ఐదు అంకెల వరకూ ఆయన బరువు కింది మెట్ల మీద ఉంది కాబట్టి ఆగింది. ఆరో అంకెకి బరువు పైకి వచ్చింది, పెంకు అంచు విరిగింది, జారింది. నేనే విరిగిన ముక్కలు ఏరి బల్ల మీద అతికించి చూశాను. సరిగ్గా అతికింది.

కొలిచాను. కొప్పు పెంకు అడ్డంగా పద్నాలుగు అంగుళాలు. నీ నిచ్చెన కొక్కెం నోరు పది.

నీ నోటుపుస్తకంలో తొమ్మిది అని ఉండి ఉంటుంది కదా? ఇల్లు కొన్నప్పుడు తొమ్మిదే. మరుసటి ఏడు గాలివానకి కొప్పు లేచిపోతే పెద్ద పెంకులు వేయించాను మావయ్యా. నీకు రాయలేదు. అప్పుడు అత్త ఆసుపత్రిలో ఉంది, నిన్ను కదిలించడం ఎందుకులే అనుకున్నాను. తర్వాత మర్చిపోయాను.

ఇంకొకటి. నీకు కోపం రావచ్చు. పొగగొట్టాన్ని కూడా చూశాను. సుత్తితో అన్ని వైపులా కొట్టి చూశాను, రాయిలా ఉంది. మేస్త్రి దానికి మోకు కట్టుకుని ఉంటే ఈపాటికి నా గది కురవడం ఆగిపోయేది.

నీ మూడు ప్రశ్నలకి జవాబులు రాస్తున్నాను. పనిముట్లు: నిచ్చెన నీది. ఎలా చెయ్యాలో చెప్పింది: నీ బొమ్మ, నా నోరు. వేళలు: పొద్దున తొమ్మిదికి రమ్మన్నది నేనే, అద్దాలవాళ్లు మధ్యాహ్నం వస్తారని.

మూడూ మనవే కదా?


సెప్టెంబరు 4

ఆ బొమ్మ కాగితం ఎక్కడుంది? నీ దగ్గరుంటే పొయ్యిలో వెయ్యి. నా ఉత్తరాలు కూడా. నిచ్చెన అక్కడి నుంచి తీయించెయ్యి. ఈ ఉత్తరం చదవగానే చించెయ్యి.

కారణం అడక్కు.


సెప్టెంబరు 8

మావయ్యా,

అడుగుతాను. నాకు మాటలొచ్చినప్పటి నుంచీ "ఎందుకు అని అడగవే, సిగ్గుపడకు" అని నన్ను ఎగదోసింది నువ్వే. ఇప్పుడు అడక్కు అంటే ఎలా కుదురుతుంది? నీ పేరు కాపాడుకోవడానికా, నా ఇల్లు కాపాడ్డానికా? ఏదైనా సరే, నీ చేత్తో ఆ ముక్కలు రాశావని నాకు ఇంకా నమ్మకం కుదరడం లేదు. ఉత్తరం చించలేదు. డ్రాయరులో పెట్టాను.

నా ఇంటి బీమా కంపెనీ తరఫున విచారణకి ఒకావిడ వచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడింది. "బీమా లేని మనిషిని కప్పు ఎక్కించడం మా షరతులకి విరుద్ధం. మా వైపు నుంచి ఏమీ రాదు. ఆయన మీ మనిషి, అంటే మీరు చెప్పినట్టు పనిచేసినవాడు, అని తేలితే మీరు భరించాలి. స్వతంత్రుడని తేలితే ఆయనే భరించుకోవాలి. మీరు ఆయనకి ఎలా చెయ్యాలో ఏమైనా చెప్పారా?" అని అడిగింది. "ఆలోచించుకుని చెప్తాను" అన్నాను. ఆలోచించుకోవడానికి ఏముందని నా మొహం వంక చూసింది.

కాగితం నా దగ్గర లేదు. ఆసుపత్రివాళ్లు చొక్కా కత్తిరించి తీస్తే జేబులో దొరికిందట. మేస్త్రి కూతురి దగ్గరుంది, బట్టలు కుట్టుకుంటుంది ఆవిడ. నాకే చూపించి, "మా నాన్న గీసుకున్నట్టున్నాడు, ఎంత శ్రద్ధో చూడండి" అంది. నేను తలూపి వచ్చేశాను. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు అసలు వింత విను. ఆయన ఇంతవరకూ ఎవరికీ బొమ్మ సంగతి చెప్పలేదు! విచారణ ఆవిడ అడిగితే "కాలు జారింది" అన్నాడట. కూతురు అడిగినా అదే మాట. చెప్తే ఆయనకే లాభం కదా? మళ్లీ కప్పు ఎక్కలేడని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆ మాట ఒక్కటి నోరు తెరిచి అంటే చాలు, కేసు ఆయన వైపు తిరుగుతుంది. ఎందుకు అనడం లేదు? భయమా? మరచిపోయాడా? నన్ను కాపాడుతున్నాడా? నేనెవరని? మంచం పక్కన కూర్చుని రెండుసార్లు అడగబోయి ఊరుకున్నాను. అడిగితే గుర్తు చేసినట్టవుతుందని భయం. చూశావా, నాలోకీ వచ్చేసింది నీ జబ్బు.

ఆయన నష్టం ఎవరు భరించాలో తేల్చడానికి ఇరవై నాలుగున మధ్యవర్తి ముందు హాజరు కావాలి. చెప్తే నా ఇల్లు పోవచ్చు. చెప్పకపోతే ఆయన బతుకు పోతుంది. ఆయన కాక ఇది మనిద్దరికే తెలుసు. నాకు నీ సలహా వద్దు, నిజం రాయి.

మేనకోడలు


సెప్టెంబరు 13

తల్లీ,

నిజమే రాస్తాను. రెండింటికీ. నీ ఇల్లూ, నా పేరూ. ఏది ముందు అని అడిగితే నా పేరే ముందేమో. సిగ్గుగా ఉంది రాయడానికి.

నీ జవాబులు చదివాక రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. ఆ మూడు ప్రశ్నలు నేను జీవితమంతా అడిగాను. ఎవర్ని అడిగేవాణ్ణో తెలుసా? ఇంటివాళ్లని. కుర్చీ వేసి, టీ ఇచ్చి, "అంతా ఆయనిష్టమేనండీ, మేమేం చెప్పలేదు" అనేవాళ్లు. నేను "స్వతంత్రుడు" అని రాసి సంతకం పెట్టి ఇంకో ఇంటికి వెళ్లేవాణ్ణి. ఆసుపత్రిలో పడున్నవాడి దగ్గరికి ఒక్కసారంటే ఒక్కసారి వెళ్లలేదు. ఆ ఇళ్లలో ఎన్నిచోట్ల ఒక బొమ్మ ఉండేదో, ఒక అరువు నిచ్చెన ఉండేదో, ఒక మావయ్య ఉండేవాడో నాకిప్పుడు ఎలా తెలుస్తుంది? నువ్వు పక్కన కూర్చున్నావు చూడు, ఆ ఒక్క పని నేను ఉద్యోగం మొత్తంలో చెయ్యలేదు.

కొప్పు మార్చిన సంగతి నాకు రాయనందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు. చూడని కప్పుకి ఆరేళ్ల కిందటి కొలత పెట్టి బొమ్మ గీసినవాణ్ణి ఏమనాలి? ముందు నీకు రాసి కొలిపించి ఉండొచ్చు. టేపు పెట్టి కొలువు, కళ్లతో కాదు అని నీకు నీతులు చెప్పాను. నేనైతే కళ్లతో కూడా చూడలేదు.

ఇరవై నాలుగున వస్తున్నాను. నోటుపుస్తకం తెస్తాను. నేను గీసే ప్రతి బొమ్మకీ కార్బను నకలు ఉంచుకుంటాను, అది కూడా తెస్తాను. నీ డ్రాయరులో ఉత్తరాలన్నీ తీసుకురా, చించమన్నది కూడా. నేను మాట్లాడగలను, వినలేను, అంతే. ఎవరైనా ఏమైనా అడిగితే కాగితం మీద రాసి చూపించు.

నాకు ఆ మేస్త్రిని చూడాలంటే భయంగా ఉంది.

మావయ్య


సెప్టెంబరు 26

మావయ్యా,

బస్సు టైమైపోతోందని అంత హడావిడిగా వెళ్లిపోయావు. "రాత్రికి ఉండు" అని నేను చీటీ రాసేలోపే మెట్లు దిగేశావు. నీ వెనక ఏం జరిగిందో, నీ ముందే జరిగినదాంట్లో నీకు వినబడనిదేమిటో రాస్తున్నాను. జాగ్రత్తగా చదువు.

నువ్వు చాలా గట్టిగా మాట్లాడావు. నీ గొంతు నీకు వినబడదు కదా, పక్క గదుల్లో గుమాస్తాలు కూడా లేచి గుమ్మంలోకి వచ్చేశారు. నిచ్చెన నుంచి విప్పి తెచ్చిన కొక్కెం మధ్యవర్తి బల్ల మీద పెట్టి, పక్కన నేను అతికించిన కొప్పు పెంకు పెట్టి, "పది అంగుళాలు, పద్నాలుగు అంగుళాలు, ఈ తేడా నాది" అన్నావు. ఉత్తరాలన్నీ వరసగా పెట్టావు. చించమన్న ఉత్తరం మధ్యవర్తి చదువుతుంటే తల దించుకున్నావు. మేస్త్రి కూతురు బొమ్మ తీసి నీ నకలు పక్కన పెట్టి చూసింది. నా వైపు చూసిన చూపు నేను ఎప్పటికీ మర్చిపోలేను. ఆసుపత్రిలో తలూపి వచ్చేసినదాన్ని కదా. తర్వాత ఆవిడకి క్షమాపణ చెప్పాను. "సరే" అంది, అంతకన్నా ఏమీ అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

అప్పుడు మధ్యవర్తి చక్రాల కుర్చీలో ఉన్న మేస్త్రి వైపు తిరిగింది. ఆయన మాట్లాడినంతసేపూ నువ్వు ఆయన మొహం చూస్తూ తలూపుతూనే ఉన్నావు. నిన్ను తిడుతున్నాడనుకున్నావు కదూ? చీటీ రాసి చూపిద్దామంటే నా చెయ్యి ఆడలేదు. ఆయన అన్న మాటలు ఇవి, ఒక్క ముక్క మార్చకుండా రాస్తున్నాను.

"ఆ కాగితం చూడగానే నాకు తెలిసిందమ్మా, అది ఈ కప్పుకి పనికిరాదని. ఆ కొక్కెం అందదు. ముప్పై ఏళ్లు కొప్పుల మీద బతికినోణ్ణి, ఆ మాత్రం తెలీదా?"

"మరి ఎందుకు ఎక్కారు?" అంది మధ్యవర్తి.

"ముప్పై ఏళ్లలో పెంకులు పగలకుండా చూడమన్నవాళ్లున్నారు. గోడ మీద అడుగు పడకుండా చూడమన్నవాళ్లున్నారు. నేను పడకూడదని ఒకాయన, నా మొహం కూడా ఎరగనాయన, కూర్చుని కాలెక్కడ పెట్టాలో, చెయ్యెక్కడ వెయ్యాలో బొమ్మ గీసి పంపాడు. అది చూశాక, ఇది తప్పండీ అని వెనక్కివ్వడానికి నాకు నోరు రాలేదు. మెల్లిగా ఎక్కితే ఆగుద్దిలే అనుకున్నా. ఆగలేదు."

"ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆయన మీదికి పోద్ది కదండీ."

మధ్యవర్తి కలం ఆపి, "మేస్త్రి గారూ, తప్పని తెలిసే ఎక్కానన్న మాట నేను రాసుకుంటే మీకే నష్టం. రాసుకోమంటారా?" అని అడిగింది. కూతురు "నాన్నా!" అని ఆయన భుజం పట్టుకుంది. ఆయన "నిజమే కదమ్మా, రాసుకోండి" అన్నాడు.

ఆవిడ రాయబోతుంటే నేను లేచాను. నువ్వు చూశావు నేను లేవడం, ఏమన్నానో వినలేదు. "ఆయన నా కప్పు మీద, నేను చెప్పిన అంకె మీద కాలు పెట్టి పడ్డారు. ఆయన నా మనిషే. తెలిసి ఎక్కినా, తెలియక ఎక్కినా ఎక్కమన్నది నేను" అన్నాను. ఆ మాటే రాయించి సంతకం పెట్టేశాను. దాని కింద నువ్వూ పెట్టావు, ఏమి రాసి ఉందో చదవకుండానే. నీ జీవితంలో చదవకుండా పెట్టిన మొదటి సంతకం అదేనేమో.

ఇల్లు పోలేదు. సగం పోయింది అనుకో. మేడ మీది గదులు అద్దెకిచ్చి ఆ అద్దె ఆయనకి చేరేటట్టు రాసుకున్నాం, ఆయన ఉన్నంతకాలం. యంత్రం కింది ముందుగదిలోకి దింపించాను. వీధిలో పోయేవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి, ఏం చేస్తున్నానని అడిగి పోతున్నారు. కప్పు బాగు చెయ్యడానికి ఇంకొకాయన వస్తున్నాడు. పని బీమా చూశాను, ఈసారి సీట్లు లేవు. పొగగొట్టానికి మోకు కట్టుకుంటానన్నాడు. "మీ ఇష్టం" అని లోపలికొచ్చేశాను. పిట్ట మేస్త్రి మాత్రం ఆయన వచ్చే రోజున తనని కుర్చీతో సహా తీసుకొచ్చి వీధిలో కూర్చోబెట్టమన్నాడు. కింది నుంచి చూసి తప్పులు పడతాడట.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెప్తున్నాను. సంతకాలయ్యాక నువ్వు నోటుపుస్తకం సర్దుకుని, ఆయన వైపు చూడకుండా, తల వంచుకుని గుమ్మం వైపు నడిచావు. మేస్త్రి "బాబుగారూ" అని పిలిచాడు. నీకు వినబడలేదు. కుర్చీలోంచి నీ వైపు చెయ్యి చాపాడు. నువ్వు వెనక్కి తిరగలేదు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. నేను వెళ్లి పట్టుకున్నాను. కానీ అది నా కోసం చాపింది కాదు.

ఆదివారం పొద్దున బస్సుకి వచ్చెయ్యి.

నీ మేనకోడలు